పడిపోయిన చేతికి పనే మందు

పక్షవాతం వచ్చి కాలూ చేయీ పడిపోతే కదలిక తెప్పించేది మాలిషా, యంత్రమా, కసరత్తా? చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి వైద్యానికి ఖమ్మం వెళ్లాలంటే వందకు పైగా కిలోమీటర్లు. వెళ్లిన ప్రతిసారీ తోడు వచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. అందుకే ఇక్కడ ఈ ప్రశ్నకు జవాబు తేలాలి. రక్తం అందక చచ్చిపోయిన మెదడు కణాలు మళ్లీ బతకవు. చుట్టుపక్కల మిగిలిన భాగాలే వాటి పనిని కొంతవరకు నేర్చుకుంటాయి. ఆ నేర్పు రోగి తానుగా, పదేపదే ప్రయత్నిస్తేనే వస్తుంది. నూనె మర్దనతో హాయి కలగవచ్చు గానీ అది చేతికి పని నేర్పదు. గాల్లో వేళ్లు ఆడించడం కన్నా చాటలోని ఇప్పపూలు ఏరడం, 50 తునికాకులు పేర్చి కట్ట కట్టడం మేలు.

పట్నంలో యంత్రాలున్నాయి కదా అనవచ్చు. అమెరికాలో 408 మందిపై జరిగి 2011లో వెలువడిన లీప్స్ అధ్యయనం ఆ యంత్రాల సంగతి తేల్చింది. నడుముకు పట్టీలు కట్టి ట్రెడ్‌మిల్‌పై నడిపించినవారూ, ఇంటి దగ్గరే ఫిజియోథెరపిస్టు కసరత్తులు చేయించినవారూ ఏడాదికి దాదాపు సమానంగానే కోలుకున్నారు. ఇంట్లో చేసే కసరత్తుల్లో ముఖ్యమైనది కూర్చుని లేవడం. కుంగిపోయే నులకమంచం మీద కాకుండా గట్టి బల్లపై కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి జరిపి, ముందుకు వంగి లేవాలి. ఆసరా ఇచ్చేవాళ్లు పడిపోయిన చేతిని మాత్రం పట్టి లాగకూడదు. లాగితే భుజం దెబ్బతింటుంది.

మరి ఇంటివాళ్లే చేయిస్తే చాలదా? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిపిన అటెండ్ అధ్యయనం 2017లో వెలువడింది. కుటుంబసభ్యులకు అదనంగా శిక్షణ ఇచ్చినా ఆరు నెలలకు ఫలితం మారలేదు. మరణించినవారు, ఒకరిపై ఆధారపడినవారు కలిపి రెండు వైపులా 47 శాతమే. దీన్ని బట్టి కసరత్తు పనికిరాదనుకోకూడదు. నిపుణుడి పనిని ఇంటివాళ్లకు నేర్పి అప్పగించినా అదనపు లాభం రాలేదనే దాని అర్థం. ఇక ఆలస్యమైందని వదిలేయడమూ తప్పే. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, నిజమే. అయినా జబ్బు వచ్చిన 3 నుంచి 9 నెలల మధ్య, కొంత కదిలే చెయ్యి ఉన్న 222 మందితో చేసిన ఎక్సైట్ అధ్యయనంలో మంచి చేతిని కట్టిపెట్టి బలహీనమైన చేతితో పనులు చేయిస్తే మెరుగుదల కనిపించింది. కాబట్టి అడవి అంచుకు ముందు కావలసింది యంత్రం కాదు, వారం వారం మండలానికి వచ్చే ఫిజియోథెరపిస్టు. ఆ ఏర్పాటు జరిగేలోగా, డిశ్చార్జి రోజున ఏ కసరత్తు, రోజుకు ఎన్నిసార్లు, మళ్లీ ఎప్పుడు రావాలి అనేవి అడిగి చీటీపై రాయించుకోండి.