నల్లాలు, మోరీలు: ఇంట్లో చేసుకోదగిన మరమ్మతులు, ప్లంబరును పిలవవలసిన సందర్భాలు

నాందేడ్ నగరానికి తాగునీరు ప్రధానంగా విష్ణుపురి వద్ద గోదావరిపై నిర్మించిన శంకర్ సాగర్ జలాశయం నుండి అందుతున్నది. శుద్ధి కేంద్రంలో వడపోసి, క్లోరిన్ కలిపిన నీరు వీధి గొట్టాల ద్వారా ఇంటి ముంగిటికి చేరుతుంది. అక్కడి నుండి సంపుకు, మిద్దె మీది ట్యాంకుకు, వంటగదికి సాగే గొట్టాల బాగోగులు ఇంటివారి బాధ్యత. వాటిలో ఏర్పడే లోపాలు చాలావరకు చిన్నవే. కొన్ని మాత్రం ఆరోగ్యానికి, ప్రాణానికి ముప్పు తెచ్చేవి. ఈ రెంటికీ తేడా తెలిసిన కుటుంబం డబ్బును, నీటిని, ఆరోగ్యాన్ని కాపాడుకోగలుగుతుంది.

మొదట తెలుసుకోవలసినది

ఇల్లు అద్దెకు తీసుకున్న రోజుననే నీటిని కట్టివేసే వాల్వులు ఎక్కడ ఉన్నవో చూసుకోవాలి. సాధారణంగా ఒకటి వీధి కనెక్షన్ వద్ద, మరొకటి మిద్దె ట్యాంకు నుండి దిగే గొట్టానికి ఉంటుంది. గొట్టం పగిలినప్పుడు ప్లంబరు వచ్చేవరకు ఇంటిని కాపాడేది ఈ వాల్వే. చాలాకాలం తిప్పకుండా వదిలిన వాల్వు బిగుసుకుపోతుంది. కనుక కొన్ని నెలలకు ఒకసారి తిప్పి చూడాలి.

ఇంట్లో సరిచేసుకోదగినవి

చుక్కలు కారే నల్లా: పాత రకం నల్లాలో ఇందుకు సామాన్య కారణం లోపలి రబ్బరు వాషరు అరిగిపోవడం. వాల్వు కట్టి, నల్లా పైభాగం విప్పి, అదే కొలత గల వాషరును అమర్చితే చాలు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా రోజుకు 86,400 చుక్కలు, అనగా సుమారు 20 లీటర్ల నీరు, ఒక పెద్ద క్యానుకు సమానం, వృథా అవుతుంది.

ఫ్లష్ ట్యాంకు: ఇందులోని కారుడు కంటికి కనిపించదు. ట్యాంకు నీటిలో చిటికెడు పసుపు కలిపి, అరగంట సేపు ఫ్లష్ నొక్కకుండా ఉంచాలి. కమోడులో పసుపు రంగు కనిపిస్తే అడుగున ఉన్న రబ్బరు మూత మార్చవలసి ఉంటుంది.

సన్నని ధార: ఒక్క నల్లాలోనే ధార తగ్గితే దాని మూతి వద్ద జల్లెడలో ఇసుక గాని, బోరు నీటి సున్నపు పొర గాని చేరి ఉంటుంది. జల్లెడను విప్పి, రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టి కడగాలి. ఇంటిలోని నల్లాలన్నింటిలోనూ ధార తగ్గితే ట్యాంకును, వాల్వును పరిశీలించాలి.

నిండిన మోరీ: స్నానాల గదిలోని నహానీ ట్రాప్ జాలీ తీసి వెంట్రుకలు, సబ్బు ముద్దలు తొలగించాలి. సింకు నిండినప్పుడు రబ్బరు పంపుతో ఒత్తి చూడాలి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలపరాదు; వాటి కలయికతో విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ట్రాప్‌లో నిలిచే కొద్దిపాటి నీరే మురుగు వాసనను ఇంటిలోనికి రానీయదు. ఊరికి వెళ్లి వచ్చిన తరువాత వాసన వస్తే రెండు చెంబుల నీరు పోస్తే సరిపోవచ్చు.

ప్లంబరును పిలవవలసినవి

గోడలో చెమ్మ వ్యాపిస్తున్నప్పుడు, ఒకే సమయంలో రెండు మూడు మోరీలు ఎదురు తన్నుతున్నప్పుడు, నల్లాలన్నీ కట్టినా మీటరు తిరుగుతున్నప్పుడు లోపం కనిపించని చోట ఉన్నదని గ్రహించాలి. గీజరు కారుతున్నా, దాని సమీపపు గోడ తడిసినా ముందుగా మెయిన్ స్విచ్ కట్టి, తరువాతనే ప్లంబరును, ఎలక్ట్రీషియనును పిలవాలి. పనికి ముందే సామాను ధర, కూలి వేరువేరుగా వ్రాయించుకోవడం మేలు. అద్దె ఇంటిలో గోడ పగలగొట్టవలసిన పని ఇంటి యజమానికి తెలియజేయకుండా చేయించరాదు.

ఆలస్యం చేయరానివి

నల్లా నీరు బురదగానో దుర్వాసనతోనో వస్తే అది ప్లంబరు ఒక్కడితో తీరే సమస్య కాకపోవచ్చు. నీరు వచ్చే గంటలు ముగిసిన తరువాత వీధి గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. గొట్టానికి చిల్లు ఉండి, పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ మురుగు లోపలికి చేరుతుంది. వీధి కనెక్షన్‌కు నేరుగా మోటారు బిగించి లాగినప్పుడు ఈ ముప్పు మరింత పెరుగుతుంది. పొరుగువారి నీరూ తగ్గుతుంది. కామెర్లు, టైఫాయిడ్, కలరా వ్యాపించే మార్గాలలో ఇది ఒకటి. కనుక వీధి నీటిని సంపులో పట్టి, సంపు నుండి మాత్రమే మోటారుతో ఎక్కించాలి. నీటిపై అనుమానం కలిగితే వెంటనే మహానగరపాలిక వార్డు కార్యాలయానికి తెలియజేయాలి. నీరు శుభ్రపడే వరకు బాగా మరిగించి, చల్లార్చి తాగాలి.

సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు మనిషిని అందులోనికి దింపరాదు. లోపలి విషవాయువులు క్షణాలలో స్పృహ తప్పించగలవు. రక్షించబోయిన వారూ ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు ఉన్నవి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిచే ఈ పని చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. యంత్రం గల వాహనాన్నే పిలిపించాలి.

భాష అడ్డు కారాదు

1956 వరకు నాందేడ్, తెలంగాణ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. తెలంగాణవారి ‘నల్లా’, ‘మోరీ’ అనే మాటలు ఇక్కడి వారికీ సుపరిచితాలే. మరాఠీ రాదన్న సంకోచంతో ఫిర్యాదు మానుకోనవసరం లేదు. నల్లా కారుతున్నదనడానికి ‘నళ్ గళ్‌తోయ్’, మోరీ నిండినదనడానికి ‘మోరీ తుంబలీ ఆహే’, నీరు వాసన వస్తున్నదనడానికి ‘పాణ్యాలా వాస్ యేతోయ్’, బురదనీరు వస్తున్నదనడానికి ‘పాణీ గఢూళ్ యేత్ ఆహే’ అంటే చాలు.

నాందేడ్ దాటిన గోదావరి కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశించి, బాసర మీదుగా శ్రీరాంసాగర్ చేరుతుంది. ఇక్కడి ఇళ్లలో నీటిని పొదుపుగా వాడి, మురుగును సరియైన దారిలో పంపితే దిగువనున్న సొంత ఊళ్లకూ మేలు జరుగుతుంది.