లండను యూదుల యువజన సంఘములు: ఒక స్వచ్ఛంద మార్గదర్శన చరిత్ర

పూర్వుల నేలకు దూరముగ స్థిరపడిన ప్రతి సమాజమునను బాలురకు ఒక సంధికాలము కలదు. పాఠశాల విడిచిన బాలుడు కుటుంబభారము వహింపగల పురుషుడగువరకు నడుచు నాలుగైదేండ్ల కాలమది. అప్పటికి ఉపాధ్యాయుని చేయి విడిపోయియుండును. తల్లిదండ్రులకు వెలుపలి పరభాషా ప్రపంచము తెలియదు. అన్యభాషా రాష్ట్రమున తెలుగు బోధించుచున్న నాకు ఈ అవస్థ క్రొత్తది కాదు. పదవ తరగతి వరకు నా యెదుట కూర్చుండి పద్యములు చదివిన పిల్లలు రెండేండ్ల పిమ్మట బజారులో కనబడి, వినయముతో నమస్కరించి, స్థానిక భాషలో కుశలమడుగుదురు. తప్పు వారిది కాదు. పాఠశాల దాటిన తరువాత వారితో తెలుగున మాటలాడి, వారి చదువును, ఉద్యోగమును, కష్టసుఖములను విచారించు పెద్దమనిషి యొక్కడును వారికి లేడు.

ఇట్టి స్థితినే యెదుర్కొన్న మరియొక సమాజము లండను నగరపు తూర్పు పేటలలోని యూదులు. వారు తమ పిల్లలకొరకు ఏమి చేసిరో, అందువలన ఏమి పొందిరో, ఏమి పోగొట్టుకొనిరో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

వలస వచ్చినవారు

1881 తరువాత రష్యా సామ్రాజ్యమున యూదులపై దౌర్జన్యములు చెలరేగినవి. దారిద్ర్యము దానికి తోడైనది. 1881కిని 1914కిని నడుమ లక్షకు పైగా యూదులు బ్రిటనునకు వచ్చి స్థిరపడిరి. వారిలో పెక్కుమంది వైట్‌చాపెల్, స్టెప్నీ పేటలలోని ఇరుకు ఇండ్లలో కాపురముండి, దర్జీపని, చెప్పులపని, కొయ్యసామానుల పని చేసి జీవించిరి. వారి ఇంటిభాష యిడ్డిషు. అది జర్మను భాషకు దగ్గరి చుట్టము. వ్రాయునది మాత్రము హీబ్రూ లిపిలో.

వీరికి ముందే ఇంగ్లండున తరతరములుగా స్థిరపడిన సంపన్న యూదులుండిరి. క్రొత్తగా వచ్చినవారియెడ వీరికి జాలియు కలదు, భయమును కలదు. ఈ పరదేశపు వేషభాషలను చూచి ఇంగ్లీషువారు తమ్మందరను ద్వేషింతురేమోయని ఆ భయము. 1905లో వలసలను అరికట్టు చట్టము వచ్చుటతో అది నిరాధారము కాదని తేలినది. కావున పిల్లలను త్వరగా ఇంగ్లీషువారినిగ చేయవలెనను ఆతురత వారి సేవయందు మొదటినుండియు కలసియుండెను. 1900 ప్రాంతమున నాలుగు వేలమంది పిల్లలు చదివిన ‘జ్యూస్ ఫ్రీ స్కూలు’ లక్ష్యములలో యిడ్డిషును మాన్పించుట ఒకటి.

సంఘముల పుట్టుక

బడి విడిచి పనిలో చేరిన పిల్లలకు సాయంకాలము పోదగిన చోటు వీథి తప్ప వేరొకటి లేకుండెను. ఈ కొరతను తీర్చుటకే క్లబ్బులు పుట్టినవి. క్లబ్బనగానే మనకు పేకాట తలపునకు వచ్చును. ఇవి అట్టివి కావు. పిల్లలు వారమునకు కొలది పెన్నీలు చందా యిచ్చి, పనిముగిసిన పిమ్మట వచ్చి ఆడుకొని, చదువుకొని, నాటకములాడి పోవు స్థలములివి.

1893లో లిలీ మాంటెగు అను యువతి, ఇరువదేండ్లు నిండకమునుపే, కుట్టుపని చేయు యూదు బాలికలకొరకు ఒక సంఘము స్థాపించెను. ఆమె ధనికుని కుమార్తె. పాటలు, కుట్లు నేర్పుటతో తృప్తిపడక, ఆ బాలికల పనిగంటలను గూర్చియు కూలిని గూర్చియు ఆందోళన సలిపెను. 1941 ఏప్రిలులో జర్మనుల బాంబు ఆ సంఘభవనముపై పడి 27 మంది మరణించిరి. ఆమె మాత్రము 1963లో కన్నుమూయువరకు సేవ విడువలేదు.

1895లో కల్నల్ ఆల్బర్ట్ గోల్డ్‌స్మిడ్ యూదు బాలురకు కవాతు, క్రమశిక్షణ నేర్పు ‘జ్యూయిష్ లాడ్స్ బ్రిగేడ్’ను ఆరంభించెను. ఈయన 1846లో మన పూనా నగరమున జన్మించినవాడు. మరుసటి యేడు, 1896లో, బ్రేడీ వీథిలో బాలుర క్లబ్బు వెలసినది.

హెన్రిక్స్ దంపతులు

ఈ మార్గమున అందరికన్న లోతుగ దిగినవాడు బేసిల్ హెన్రిక్స్. 1890లో కలిగిన కుటుంబమున జన్మించి, ఆక్స్‌ఫర్డున చదువుచు, బెర్మాండ్సీ పేటలో క్రైస్తవ యువకులు నడుపు బాలుర సంఘమును చూచెను. తనజాతి బాలురకును అట్టిది కావలెనని తలచి, 1914లో ‘ఆక్స్‌ఫర్డ్ అండ్ సెయింట్ జార్జెస్’ క్లబ్బును తెరచెను. 1915లో రోజ్ లోవీ అను యువతి బాలికల శాఖను ప్రారంభించెను. 1916లో వారిద్దరికి వివాహమైనది.

వారు ఆ పేటకు వారమునకొకమారు వచ్చిపోవు దాతలు కారు, అచటనే కాపురముండిరి. బాలురు ఆయనను ‘గాఫర్’ అని పిలిచెడివారు. ఆ మాటకు కూలివారి వాడుకలో మేస్త్రీ యని అర్థము. ఆమెను ఇంటి యజమానురాలినివలె ‘మిసెస్’ అనెడివారు. ఫుట్‌బాలు, వ్యాయామము, నాటకములు, వేసవి శిబిరములు పిల్లలను రప్పించు సాధనములు మాత్రమే. అసలు పని వేరు. ప్రతి బాలుని పేరుతో నెరుగుట, వాని ఇంటికి పోయి తలిదండ్రులతో మాటలాడుట, పని పోయినచో మరియొక పని వెదకిపెట్టుట, ఇవి వారి నిత్యకృత్యములు. ఈ అనుభవము పండియే హెన్రిక్స్ 1936 నుండి 1955 వరకు తూర్పు లండను బాలన్యాయస్థానమునకు అధ్యక్షుడుగ నుండెను. క్లబ్బు నడపు విధమును గూర్చి 1933లో ఒక గ్రంథము వ్రాసెను.

బెర్నార్డ్ బేరన్ అను పొగాకు వ్యాపారి యిచ్చిన ధనముతో ఆ సంఘమునకు 1929 ప్రాంతమున బెర్నర్ వీథిలో పెద్ద భవనము లభించెను. ఆ దాతయు రష్యా నుండి వలసపోయి, అమెరికాలో చుట్టలు చుట్టి బ్రతికినవాడే. హెన్రిక్స్ 1961లో మరణించిన పిమ్మట ఆ వీథికి ఆయన పేరు పెట్టిరి.

ఈ సంఘములు దీర్ఘకాలము నిలుచుటకు కారణము ధనము కాదు. నిన్న చందా యిచ్చి ఆడుకొన్న బాలుడు నేడు పెరిగి, తన తరువాతి పిల్లలకు తానే మార్గదర్శకుడై తిరిగివచ్చుట యే సంఘమున జరిగినదో ఆ సంఘము నిలచినది. వెలుపలినుండి వచ్చిన దాత అలసిపోవును. లోపలినుండి ఎదిగినవాడు అంత త్వరగా అలయడు.

పోయినది, దొరకినది

ఇక నష్టమును చెప్పవలెను. క్లబ్బులలో మాటలాడినది ఇంగ్లీషు. పిల్లలు గౌరవించు పెద్దలు ఇంగ్లీషువారివలె నుండినవారు. బాలుడు ఎవరివలె కావలెనని కోరునో వారి భాషనే ప్రేమించును. ఇంటిలో తల్లి పలుకు యిడ్డిషు వానికి బీదతనపు గురుతుగ తోచినది. 1913లో పుట్టిన ‘ది త్సైట్’ అను యిడ్డిషు దినపత్రిక 1950లో నిలిచిపోయినది. నేడు లండనున యిడ్డిషు ముఖ్యముగ స్టామ్‌ఫర్డ్ హిల్ ప్రాంతపు సనాతన కుటుంబములలో మాత్రమే ఇంటిభాషగ మిగిలియున్నది. ఈ మార్పున కంతకును క్లబ్బులే కారణమనరాదు. బడి, బజారు, ఉద్యోగము అన్నియు అటే లాగినవి. అయినను, పిల్లలు మనసిచ్చి వచ్చు ఆ ఒక్క చోటను గూడ తల్లి భాషకు పీట వేయలేదు.

దీనికి ప్రతిగ మరియొక ఉదాహరణము కలదు. 1929లో ఆ తూర్పు లండనుననే వెల్లెస్లీ ఏరన్ మున్నగువారు ‘హబోనిం’ అను సంఘమును స్థాపించిరి. హీబ్రూ మాటలు, హీబ్రూ పాటలు ఆటలతోను శిబిరములతోను కలసి పిల్లల నోట నాటుకొన్నవి. అది వారి ఇంటిభాష కాకున్నను, పెద్దపిల్లలు పాడుచుండగా చిన్నపిల్లలు నేర్చిరి. యూదుల యువజన సంఘములలో నేటికిని ఇట్టి నాయకుని ‘మద్రిఖ్’ అందురు. ‘దెరెఖ్’ అనగా మార్గము. మార్గము చూపువాడు మద్రిఖ్. మన ‘మార్గదర్శి’యను మాటకిది అచ్చముగ సరిపోవును.

మనము గ్రహింపదగినది

మన సంఘములు ఉగాదికి సభలు జరుపుచున్నవి, ప్రథమశ్రేణి విద్యార్థులకు పతకము లిచ్చుచున్నవి. మంచిదే. కాని పతకము ఒక దినపు పని. మార్గదర్శనము వారము వారము చేయవలసిన పని. సోలాపురపు నేతగాని కుమారునికైనను, బరంపురపు దుకాణదారుని కుమార్తెకైనను, ఊరిలో స్థిరపడిన ఒక తెలుగు గుమాస్తాయో, నర్సో, ఇంజనీరో వారమునకొక సాయంకాలము కేటాయించినచో, ఏ కోర్సు చదువవలెను, దరఖాస్తు ఎట్లు వ్రాయవలెను, ఇంటిలో చిక్కు వచ్చినచో ఏమి చేయవలెను అను విషయములు తెలుగుననే మాటలాడుకొనవచ్చును. పిల్లల నప్పగించుటకు ముందు ఆ పెద్దల నడవడిని సంఘము విచారింపవలెను. నలుగురు కనుచుండు చోటనే కూర్చుండవలెను. ఇంగ్లండున నేడు ఇది నియమమైనది.

స్థానిక భాష నేర్వవలదని నేననను. అది వారికి అన్నము పెట్టు భాష. కాని తెలుగు బడిలోని మార్కుల భాషగ మాత్రమే మిగిలినచో పదవ తరగతితో ముగియును. తనకు దారి చూపిన పెద్దమనిషి భాషయైనచో బాలుడు దానిని విడువడు. లండను యూదులు తమ పిల్లలకు దారి చూపిరి; ఆ దారిని చూపిన భాష మాత్రము తల్లిది కాదు. మన కింకను ఆ రెండును చేయుటకు వ్యవధి కలదు.