సముద్రతీరాన పూలు

లిబ్రెవిల్ అనే ఊరి పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆఫ్రికా ఖండపు పడమటి అంచున, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న గబోన్ దేశానికి అది రాజధాని. 2012 ఫిబ్రవరిలో జాంబియా దేశపు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఆ ఊరి సముద్రతీరానికి వెళ్ళి, అలల దగ్గర పూలు ఉంచి నిలబడ్డారు. వారు కప్పు గెలవడానికి వచ్చిన యవనస్థులు. ముందు ఆ ఒడ్డుకు ఎందుకు వెళ్ళారో తెలియాలంటే 1993వ సంవత్సరానికి వెళ్ళాలి.

ఆఫ్రికా దేశాల జట్లన్నీ తలపడే ఈ పోటీలు 1957లో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో మొదలయ్యాయి. అప్పుడు ఆడినవి మూడే జట్లు: ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా. తెల్లవారు, నల్లవారు కలిసి ఉన్న జట్టును పంపడానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒప్పుకోనందున ఆ దేశానికి చోటు దక్కలేదు. ఆట ఆటే అంటాం గాని, మైదానం బయటి పాపాలు మైదానంలోకి రాకుండా ఉండవు.

జాంబియా ధనిక దేశం కాదు. అయినా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇటలీని 4-0తో ఓడించి లోకాన్ని ఆశ్చర్యపరచింది. ఆ నాలుగింటిలో మూడు గోల్స్ కలూషా బ్వాల్యా చేసినవే. ఆ తరం ఆటగాళ్ళ మీద దేశమంతా ఆశ పెట్టుకుంది.

1993 ఏప్రిల్ 27. మారిషస్‌లో ఆట గెలిచి వచ్చిన జట్టు, ప్రపంచ కప్ అర్హత పోటీ కోసం సెనెగల్‌కు బయలుదేరింది. ఎక్కినది వైమానిక దళానికి చెందిన చిన్న విమానం. దూరం ఎక్కువ కనుక దారిలో ఆగి ఆగి ఇంధనం నింపుకోవాలి. లిబ్రెవిల్‌లో ఆగి, రాత్రివేళ మళ్ళీ లేచిన కొద్ది నిమిషాలకే ఎడమ ఇంజనులో మంటలు వచ్చాయి. పైలట్ పొరపాటున బాగున్న కుడి ఇంజనును ఆపివేశాడు. విమానం సముద్రంలో కూలింది. 18 మంది ఆటగాళ్ళు, శిక్షకుడు గాడ్‌ఫ్రే చితాలు, విమాన సిబ్బందితో కలిపి మొత్తం 30 మందిలో ఒక్కరూ మిగలలేదు. పైలట్ అలసట, సరిగా పనిచేయని హెచ్చరిక దీపం కారణాలని పదేళ్ళ తరువాత, 2003లో గబోన్ నివేదిక చెప్పింది. ఇలాంటి చావులకు "దైవ చిత్తం" అని ఊరుకోవడం సులువే. కాని అలసిన మనిషి చేతిలో 30 ప్రాణాలు పెట్టిన బాధ్యతను దేవుని మీదికి నెట్టడం న్యాయం కాదని మాకు తోస్తుంది.

కలూషా ఆ విమానంలో లేడు. నెదర్లాండ్స్‌లోని క్లబ్బుకు ఆడుతున్నందున, అక్కడి నుండి వేరుగా సెనెగల్ చేరవలసి ఉంది. తోటివారందరూ పోయి తానొక్కడు మిగలడం ఎంత బరువో, ఇంట్లో అలాంటి మరణం చూసినవారికి తెలుసు. లుసాకాలోని స్టేడియం పక్కనే వారందరినీ సమాధి చేశారు. ఆ ఆదివారాలలో తల్లులు, భార్యలు ఏమి ప్రార్థించి ఉంటారు?

కలూషా నాయకుడిగా కొత్త జట్టు కట్టారు. కుర్రవాళ్ళు డెన్మార్క్‌కు వెళ్ళి శిక్షణ పొందారు. ఏడాది తిరగకుండానే, 1994 ఏప్రిల్‌లో, ట్యునీషియాలో జరిగిన ఆఫ్రికా కప్పు ఫైనల్ చేరి, నైజీరియా చేతిలో 2-1తో ఓడారు.

తరువాత పద్దెనిమిదేళ్ళు గడిచాయి. 2012 పోటీలు గబోన్, ఈక్వటోరియల్ గినియా దేశాలలో జరిగాయి. జాంబియా ఆటలన్నీ ఈక్వటోరియల్ గినియాలోనే పడ్డాయి. ఫైనల్ చేరితే తప్ప లిబ్రెవిల్‌లో ఆడే అవకాశమే లేదు. జాంబియా గెలుస్తుందని అనుకున్నవారు కూడా తక్కువే. అయినా సెమీఫైనల్‌లో ఘనాను 1-0తో దాటి ఆ ఊరు చేరారు. మొదట వెళ్ళినది సముద్రం దగ్గరికే.

ఫిబ్రవరి 12న ఎదురుగా నిలిచినది ద్రోగ్బా వంటి మేటి ఆటగాళ్ళున్న ఐవరీ కోస్ట్. ఆ పోటీలలో వారి మీద ఎవరూ ఒక్క గోల్ కూడా చేయలేదు. ఆట మొదలైన కొద్దిసేపటికే జాంబియా డిఫెండర్ జోసెఫ్ ముసోండా గాయపడి, కన్నీళ్ళతో బయటికి వెళ్ళాడు. 70వ నిమిషంలో ద్రోగ్బా తన్నిన పెనాల్టీ గోల్ పైనుండి పోయింది. అదనపు సమయం ముగిసినా 0-0. ఇక పెనాల్టీలే.

ఇరువైపులా ఏడేసి పెనాల్టీలు గోల్ అయ్యాయి. జాంబియా గోల్‌కీపర్ కెనెడీ ముయెనె తానే ఒకటి కొట్టాడు! మైదానం మధ్యలో తోటి ఆటగాళ్ళు మోకాళ్ళూని పాడుతున్నారు. ఎనిమిదవది కోలో టూరే తన్నగా ముయెనె ఆపాడు. గెలుపు చేతికందింది అనుకుంటుండగానే కలబా తన్నినది గురి తప్పింది. తరువాత జెర్విన్యో కూడా తప్పాడు. స్టోపిలా సున్జు వచ్చి గోల్ కొట్టాడు. 8-7.

అందరూ పరుగెత్తుతున్నారు, కేకలు వేస్తున్నారు. గాయంతో నడవలేని ముసోండా ఒక్కడే దూరంగా ఉన్నాడు. శిక్షకుడు ఎర్వే రెనార్ అతని దగ్గరికి వెళ్ళి, పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తుకొని, గెలిచిన జట్టు మధ్యకు తీసుకువెళ్ళాడు.