బాస్ గిటారు కొనబోయే ముందు

పెళ్ళి పందిట్లో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే మన కళ్ళు పాడేవాళ్ళ మీదా, కీబోర్డు మీదా ఉంటాయి. వెనక డ్రమ్స్ పక్కన నిలబడి నాలుగు లావుపాటి తీగల గిటారు మీటే మనిషిని ఎవరూ పట్టించుకోరు. అతను ఒక్క చరణం సేపు చెయ్యి ఆపితే మాత్రం పాట బోలుగా అయిపోతుంది. మృదంగంలో ఎడమవైపు తడి రవ్వ ముద్ద అంటించి పుట్టించే బరువైన నాదం ఎంత అవసరమో, సినిమా పాటకు బాస్ గిటారు అంత అవసరం.

మన చెన్నపట్నం పాటల్లో దీనికి పెద్దపీటే వేశారు. ఇళయరాజా గారి దగ్గర చాలాకాలం వాయించిన శశిధరన్, రహమాన్ పాటలకు వాయించిన కీత్ పీటర్స్ ఈ వాద్యంలో పేరు పొందినవారు. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలను ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గాయకుణ్ణి కాసేపు మరచిపోయి, అడుగున నడిచే స్వరాన్నే పట్టుకుని వినండి. మీ అబ్బాయో అమ్మాయో బాస్ గిటారు కావాలని ఎందుకు పట్టుబడుతున్నారో అర్థమవుతుంది.

షావుకార్ల వల్ల పేరు వచ్చిన మన సౌకార్‌పేటలో ఒక మంచి అలవాటుంది. బట్టయినా, గిన్నెయినా, బంగారమైనా చేత్తో పట్టుకుని, పరీక్షించి గాని డబ్బు తియ్యరు. వాద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంగు చూసో, పేరు చూసో కొనేస్తాం. చేతికి అందని వాద్యంతో కుస్తీ పట్టి, వేళ్ళు నొప్పెట్టి, ఆరు నెలల్లో పిల్లలు మానేస్తారు. తమకు సంగీతం రాదని కూడా అనుకుంటారు. పోయిన డబ్బు కంటే ఆ నిరుత్సాహమే పెద్ద నష్టం.

చేతికి తగిన కొలత

మామూలు బాస్ గిటారులో తీగ పలికే పొడవు 34 అంగుళాలు. పెద్దవాళ్ళకు ఇది సరిపోతుంది. పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలకూ, చిన్న చేతులవారికీ 30 అంగుళాల పొట్టి రకం ఉంది. అది పిల్లల బొమ్మ కాదు. బీటిల్స్ బృందంలో పాల్ మకార్ట్నీ వాయించి పేరు తెచ్చిన హాఫ్నర్ బాస్ కూడా పొట్టి రకమే. దండి వెడల్పు కూడా చూడాలి. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బాస్ దండి కాస్త వెడల్పు. 1960లో వచ్చిన జాజ్ బాస్ దండి పైభాగాన సన్నం. నేడు దొరికే చవక రకాలు చాలావరకు ఈ రెండింటి పోలికలోనే ఉంటాయి కనుక రెండూ పట్టుకుని చూడవచ్చు. ఇక బరువు. బాస్ గిటారు నాలుగు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. భుజానికి పట్టీ తగిలించుకుని పది నిమిషాలు నిలబడితే నిజం తెలిసిపోతుంది.

ఏ నాదం కావాలి?

ప్రెసిషన్ తరహా వాద్యం గుండ్రంగా, నిండుగా పలుకుతుంది. పాత సినిమా పాటలకూ, భజన బృందానికీ హాయిగా ఉంటుంది. జాజ్ తరహాలో రెండు పికప్‌లుంటాయి కనుక వాటి పాళ్ళు మార్చి నాదాన్ని మెత్తగానో, గరుగ్గానో చేసుకోవచ్చు. కొన్నిటిలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. నాదాన్ని దిద్దుకోవడానికి అది ఎక్కువ వీలిస్తుంది గాని, కచేరీ మధ్యలో అయిపోతే ఇబ్బంది. తీగలు మార్చినా గొంతు మారుతుంది. గుండ్రటి చుట్టు తీగలు ఖణేల్‌మంటాయి, చదును చుట్టువి మృదువుగా మోగుతాయి. కాబట్టి నాదం నచ్చలేదని వాద్యాన్నే మార్చేముందు తీగలు మార్చి చూడటం మంచిది.

అయిదు తీగల రకం చూసి పిల్లలు మోజు పడతారు. అదనపు తీగ మరింత మంద్రానికి దిగుతుంది, కాని దండి వెడల్పవుతుంది. మొదటి రెండేళ్ళకు నాలుగు తీగలు చాలు. మెట్లు లేని రకం గమకాలకు అనువైనదే. అయితే వయొలిన్‌లా స్వరస్థానాన్ని చెవితోనే పట్టాలి కనుక అది తర్వాతి మాట.

ఇరుగుపొరుగుల సంగతి

మన వీధుల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. మంద్రనాదం గోడ దాటి పక్కింటి గదిలోకి వెళ్ళిపోతుంది. అందుకని హెడ్‌ఫోన్ తగిలించుకునే వీలున్న చిన్న ఆంప్లిఫయరు తీసుకోండి. సాధనకు పదిహేను, ఇరవై వాట్లు చాలు. డ్రమ్స్‌తో కలిసి వాయించడానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. మామూలు గిటారు ఆంప్లిఫయరుకు బాస్ తగిలించి గట్టిగా వాయిస్తే స్పీకరు పాడయ్యే ప్రమాదముంది. అనుకున్న మొత్తంలో మూడోవంతు ఆంప్లిఫయరుకూ, పట్టీకీ, సంచీకీ, శ్రుతి చూసే ట్యూనరుకూ అట్టే పెట్టుకోవాలి.

కొట్లో పరీక్ష

సెంట్రల్ దాటి అణ్ణాసాలైకి వెళ్తే 1842లో మిస్క్విత్ పేరుతో మొదలైన మ్యూసీ మ్యూజికల్ ఉంది. అక్కడైనా, మరో చోటైనా అడగడానికి మొహమాటపడకండి. వాయించడం తెలిసినవారెవరినైనా వెంట తీసుకెళ్ళండి. ప్రతి తీగనూ ప్రతి మెట్టు దగ్గరా నొక్కి మీటండి. ఎక్కడైనా జివ్వుమన్నా, నాదం చప్పున చచ్చిపోయినా అడగండి. దండిని కంటికి ఎదురుగా పెట్టి వంపు చూడండి. మన ఊరి తేమకు చెక్క వంగుతుంది. లోపలి కడ్డీని తిప్పి కొంతవరకు సరిచేయవచ్చు గాని, మెలితిరిగిన దండిని ముట్టుకోవద్దు. బిరడాలు జారుతున్నాయేమో, వాల్యూం తిప్పితే చిటపటలు వస్తున్నాయేమో గమనించండి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారికి ఈ పరీక్షలు మరీ ముఖ్యం.

అన్నిటికంటే ముందు, ఒకే పాటను రెండు మూడు వాద్యాల మీద పిల్లల చేతే వాయించండి. ఏది చేతిలోకి తీసుకుంటే కింద పెట్టాలనిపించడం లేదో వారే చెబుతారు. అది ధరలో అన్నిటికన్నా చవకదైనా సరే, దాన్నే ఇంటికి తీసుకురండి.