దినమున కొక్క దీపము

దీపావళినాడు మనము ఒక్క రాత్రియందే వరుసలు దీర్చి దీపములు వెలిగింతుము. యూదులు జరుపుకొను హనుక్కా పండుగయందు తొలి రాత్రి వెలుగునది ఒక్క దీపము మాత్రమే. మరునాడు రెండు, ఆ మరునాడు మూడు. ఇట్లు దినమున కొకటి చొప్పున పెరిగి, ఎనిమిదవ రాత్రికి ఎనిమిది దీపములగును. ఈ క్రమమునందే ఆ పండుగ బోధించు నీతి యిమిడి యున్నది.

క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దమున యూదయ దేశము సెల్యూకసు వంశపు గ్రీకు రాజుల యేలుబడిలో నుండెను. ఆ వంశమువాడగు నాలుగవ అంతియోకసు క్రీ. పూ. 167లో యూదుల మతాచారములను నిషేధించెను. విశ్రాంతిదినమును పాటించుట, ధర్మశాస్త్రమును పఠించుట నేరములయ్యెను. యెరూషలేము దేవాలయమున అన్యదేవతకు బలులు జరిగెను. అప్పుడు మోదీన్ గ్రామమునందలి మత్తతీయ యను వృద్ధ యాజకుడును, అతని యైదుగురు కుమారులును ఎదిరించి నిలిచిరి. తండ్రి మరణానంతరము యూదా మక్కబీ నాయకుడై, క్రీ. పూ. 164లో ఆలయమును తిరిగి గైకొని, శుద్ధిచేసి, ప్రతిష్ఠించెను. హనుక్కా యనగా ప్రతిష్ఠ యని యర్థము.

దీపమును గూర్చిన కథ తరువాతి కాలపు తల్మూదు గ్రంథమున కలదు. ఆలయదీపమునకు తగిన పవిత్రమైన ఒలీవనూనె ఒక చిన్న కూజాలో మాత్రమే దొరకెననియు, ఒక్కనాటికి చాలిన ఆ నూనె ఎనిమిది దినములు వెలిగెననియు చెప్పుదురు. ఇచ్చట నొక సందేహము పుట్టును. ఒకనాటికి చాలిన నూనె యుండెను గదా! అద్భుతము ఏడు దినములదే గాని ఎనిమిది దినములది యెట్లగును? 16వ శతాబ్దపు పండితుడు యోసేఫ్ కారో ఈ ప్రశ్నను చర్చించెను. దీనికి యూదులు చెప్పుకొను సమాధానము లనేకము. అందొకటి మిక్కిలి మనోహరము: రేపటికి చాలదని తెలిసియు మొదటినాడు దీపము వెలిగించుటయే మొదటి యద్భుతము.

దీపముల క్రమమును గూర్చియు పూర్వ మొక వాదము జరిగెను. తొలినాడు ఎనిమిది వెలిగించి, దినమున కొకటి తగ్గింపవలెనని షమ్మాయి శిష్యులనిరి. ఒకటితో నారంభించి పెంచవలెనని హిల్లేలు శిష్యులనిరి. పవిత్ర విషయములందు ఎక్కుటయే గాని దిగుట తగదని వారి హేతువు. ఆ మార్గమే నేటికిని నిలిచినది.

ఈ దీపములను వీథిలోని వారికి కనబడునట్లు గుమ్మము నొద్దగాని కిటికీయందుగాని యుంచుట విధి. ఆపత్కాలమున ఇంటిలోపల బల్లపై నుంచినను చాలునని తల్మూదు చెప్పుచున్నది. వెలుపల చూపుటకు వీలుకానినాడు లోపల ఆరకుండ కాపాడుకొనుటయు ధైర్యమే యని దీని భావముగా గ్రహింపవచ్చును.

మన దేశముననే ఇందుకు చక్కని నిదర్శన మొకటి కలదు. మహారాష్ట్రమునందలి కొంకణ తీరమున బెనె ఇజ్రాయెల్ అను యూదులు శతాబ్దముల తరబడి నివసించిరి. గానుగ లాడించి నూనె తీయుట వారి వృత్తి. శనివారము పని మానుటచే ఇరుగుపొరుగువారు వారిని "శనివార తేలీలు" అని పిలిచిరి. ఓడ పగిలి ఒడ్డు చేరిన కొలదిమంది సంతతివారము తామని వారి యైతిహ్యము. చిరకాలము వారికి హనుక్కా తెలియదు. ఆలయ ప్రతిష్ఠకు మునుపే తమ పూర్వులు స్వదేశము విడిచిరని వారు దానికి కారణము చెప్పుదురు. వారి యింటి మాట మరాఠీ యయ్యెను. అయినను వారమున కొకనాడు గానుగ నాపుట వారు మానలేదు. ఇట్టి కొలది నియమములే వారిని నిలిపినవి. నూనె పండుగ నెరుగని నూనెవారు ఆ పండుగ సారమును ఆచరించి చూపిరి! ఇతర యూదుల సంపర్కమున పండుగయు తరువాత వారికి తెలియవచ్చెను.

నేడు యుద్ధభయము, నిరుద్యోగము, ఒంటరితనము మానవుని క్రుంగదీయుచున్నవి. విద్యార్థులమగు మనకును ఇంటి లేమి, పరీక్షల బరువు, ఓటమి భయము కలవు. అన్నిటికి చాలిన శక్తి లేదని మనము మొదటి యడుగే వేయక కూర్చుండుట కలదు. హనుక్కా ఎనిమిది రాత్రులలో వెలుగు దీపములను వరుసగా కూడినచో 36 అగును. అన్నింటికి నూనె సమకూరువరకు ఆగినవాడు ఒక్కటియు వెలిగింపజాలడు. కావున సోదర సోదరీమణులారా! నేటికి గల నూనె నేడే పోయుదము. రేపటి దీపమును రేపు చేర్చుదము.