తొమ్మిది ఆటల ఆధిక్యం ఎలా కరిగిపోయింది?

ఐపీఎల్ లీగ్ దశ ఆఖరి వారంలో మనందరం చేసే పని ఒకటుంది. మన జట్టు గెలవడం ఒక్కటే సరిపోదు, ఎవరెవరు ఓడాలో కూడా లెక్కలేస్తాం. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ అభిమానులు ఇదే పనిని సెప్టెంబరంతా రోజూ చేస్తారు. అక్కడ ఒక్కో జట్టుకి 14 కాదు, 162 ఆటలు! అన్ని ఆటలు ఆడాక ఎవరు మంచి జట్టో ముందే తేలిపోవాలి కదా, ఇంకా సస్పెన్స్ ఏంటి అనిపిస్తుంది. అలా అనిపించినవాళ్లకి 2011 సెప్టెంబరు గురించి చెప్పాలి.

అప్పటి పద్ధతి ఇది. రెండు లీగులు, ఒక్కో లీగులో మూడు డివిజన్లు. డివిజన్ విజేతలు ప్లేఆఫ్స్‌కి వెళ్తారు. మిగతా జట్లన్నిట్లో ఎక్కువ గెలిచిన ఒక్క జట్టుకి ‘వైల్డ్ కార్డ్’ దొరుకుతుంది. ఒక్కటే సీటు.

పాయింట్ల పట్టికలో ‘గేమ్స్ బిహైండ్’ అని ఒక కాలమ్ ఉంటుంది. రెండు జట్ల గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి రెండుతో భాగిస్తే వచ్చేదే అది. సెప్టెంబరు 3 రాత్రికి బోస్టన్ రెడ్ సాక్స్ 84 గెలిచి 54 ఓడింది. టాంపా బే రేస్ 75 గెలిచి 63 ఓడింది. తేడాలు 9, 9. అంటే రేస్ 9 ఆటలు వెనక. ఇద్దరికీ మిగిలినవి చెరో 24 ఆటలు.

ఇంకో లెక్క పేరు ‘మ్యాజిక్ నంబర్’. 63 ఓడిన రేస్, ఇక మీద అన్నీ గెలిచినా 99 దాటలేదు. కాబట్టి బోస్టన్‌కి 100 గెలుపులుంటే చాలు. ఉన్నవి 84, కావాల్సినవి 16. ఇందులో సుఖం ఏంటంటే, రేస్ ఓడే ప్రతి ఆటా బోస్టన్ ఖాతాలోనే పడుతుంది. తను గెలిచినా ఒకటి తగ్గుతుంది, వాళ్లు ఓడినా ఒకటి తగ్గుతుంది. ఇద్దరివీ కలిపి 48 ఫలితాల్లో 16 అనుకూలిస్తే పని అయిపోయినట్టే. ఇంత తేలికైన పేపర్‌లో ఎవరైనా ఫెయిలవుతారా?

అయ్యారు. బోస్టన్ ఆ 24లో 6 మాత్రమే గెలిచింది. రేస్ 8 మాత్రమే ఓడింది. మొత్తం 14.

నా లెక్కలో అసలు దెబ్బ వేరే చోట పడింది. ఆ 24 ఆటల్లో ఏడు ఈ రెండు జట్ల మధ్యే జరిగాయి. మామూలుగా మీరు ఓడితే ఆధిక్యం సగం ఆటే తగ్గుతుంది. ప్రత్యర్థి చేతిలోనే ఓడితే, మీ ఓటమి, వాళ్ల గెలుపు రెండూ ఒకే రాత్రి పడి పూర్తిగా ఒక ఆట పోతుంది. ఆ ఏడింట్లో ఆరు రేస్ గెలిచింది. అంటే తొమ్మిదిలో ఐదు అక్కడే పోయాయి! పట్టికలో ఎంత ముందున్నారో చూసేవాళ్లు చాలామందే. ఆ వెనకున్న జట్టుతో ఇంకా ఎన్నిసార్లు తలపడాలో చూసేవాళ్లు తక్కువ.

సెప్టెంబరు 28, చివరి రోజు. ఇద్దరివీ సరిగ్గా 90 గెలుపులు. బాల్టిమోర్‌లో బోస్టన్ 3-2తో ముందుండగా వర్షం వచ్చి ఆట ఆగింది. అటు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రేస్ పరిస్థితి ఘోరం, యాంకీస్ మీద 0-7. కానీ యాంకీస్ అప్పటికే డివిజన్ గెలిచేశారు, వాళ్లకి ఈ ఆటతో పోయేదేం లేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రేస్ ఆరు పరుగులు కొట్టింది. తొమ్మిదోలో రెండు ఔట్లు, రెండు స్ట్రైకులు అయ్యాక డాన్ జాన్సన్ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. అప్పటికి ఆ సీజన్‌లో అతని సగటు .108, అంటే తొమ్మిదిసార్లలో దాదాపు ఒక్క హిట్. అతన్ని బ్యాటింగ్‌కి పంపిన మేనేజర్ ధైర్యానికి దండం పెట్టాలి.

వర్షం వెలిశాక బాల్టిమోర్‌లో బోస్టన్‌కి ఒక్క ఔట్ మిగిలింది, బేస్‌ల మీద ఎవరూ లేరు. అక్కణ్ణుంచి వరసగా మూడు హిట్లు. చివరిది రాబర్ట్ ఆండీనోది. లెఫ్ట్ ఫీల్డ్‌లో జారుతూ వచ్చిన కార్ల్ క్రాఫర్డ్ గ్లవ్‌లోంచి బంతి జారిపోయింది. బోస్టన్ 3-4తో ఓడింది. ఈ క్రాఫర్డ్ ముందటేడు దాకా రేస్ ఆటగాడే! మూడు నిమిషాలకి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, 12వ ఇన్నింగ్స్‌లో, ఎవాన్ లాంగోరియా హోమ్ రన్. రేస్ 8-7. మన గడియారంలో అప్పుడు 29వ తేదీ పొద్దున తొమ్మిదిన్నర దాటింది.

అదే రాత్రి రెండో లీగులోనూ ఇదే కథ. సెప్టెంబరు తొలి వారంలో ఎనిమిది ఆటలకి పైగా ముందున్న అట్లాంటా బ్రేవ్స్ 13 ఇన్నింగ్స్ ఆడి ఓడింది, సెయింట్ లూయిస్ కార్డినల్స్ ముందుకెళ్లింది. ఆ కార్డినల్సే వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు.

ఆ మరుసటి ఏడు లీగుకి రెండో వైల్డ్ కార్డ్ ఇచ్చారు, 2022 నుంచి మూడు. ఎక్కువ ఊళ్లలో సెప్టెంబరు దాకా ఆశ బతికుంటుంది, టికెట్లూ అమ్ముడుపోతాయి. తప్పేం లేదు. కానీ 2011ని ఈ రూలుతో చూడండి: ఆ లీగులో బోస్టన్ తర్వాతి జట్టు ఏంజెల్స్‌కి ఉన్నవి 86 గెలుపులే. 90తో బోస్టన్ హాయిగా లోపలికి వెళ్లేది. బంతి జారినా, క్రాఫర్డ్ ఆ రాత్రి నిద్రపోయి ఉండేవాడు.