తెల్లవారుజామున తల్లి మీద పడే భారం - పాల సంఘాలు చేయదగిన పని

కొంతకాలం క్రిందట ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘాన్ని తనిఖీ చేస్తుండగా ఒక ఫిర్యాదు నా ముందుకు వచ్చింది. ఒక సభ్యుని ఇంటి గేదె పాలలో వెన్న 7 శాతం నుంచి నెలలోపల 5.6 శాతానికి పడిపోయింది. నీళ్ళు కలుపుతున్నారని కార్యదర్శి అనుమానం. రెండు పర్యాయాలు అందరి ముందు ఆ మాట అన్నాడు కూడా. పాలు పోసేది ఆ సభ్యుని భార్య. బడికి వెళ్ళే పిల్లలిద్దరు, చంకలో ఏడాది బిడ్డ. "నీళ్ళు కలిపే తీరిక కూడా నాకు లేదయ్యా" అన్నదామె.

రిజిస్టరు తిరగేశాను. వెన్న తగ్గినది గాని, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు 9 శాతానికి దిగలేదు. నీళ్ళు కలిస్తే రెండూ తగ్గుతాయి, లాక్టోమీటరు రీడింగు కూడా పడిపోతుంది. పోనీ మీగడ తీశారనుకుందామా అంటే, పాలు గోరువెచ్చగానే కేంద్రానికి వస్తున్నాయి. మీగడ కట్టే వ్యవధి ఎక్కడిది? మరి ఆ వెన్న ఏమైనట్లు? పొదుగులోనే ఉండిపోయింది.

ఈ సంగతి కార్యదర్శులందరూ తెలుసుకోవలసినది. పితికేటప్పుడు మొదటి ధారలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. గేదె పాలలో చాలా భాగం పొదుగు పైభాగంలోని సన్నని గ్రంథులలో ఉంటుంది. దూడ కుడిచినప్పుడు గాని, చన్నులు కడిగి నిమిరినప్పుడు గాని మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే స్రావం రక్తంలో కలిసి పొదుగును చేరి, ఆ గ్రంథులను నొక్కి పాలను క్రిందికి దింపుతుంది. దీనినే మనం చేపడం అంటాము. ఆవు కంటె గేదె చేపడానికి ఎక్కువ సమయం పడుతుంది. చేపిన తరువాత ఆ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది, ఆలోపల పితకడం పూర్తి కావాలి. కసురుకున్నా, కొట్టినా, దగ్గరలో గలభా జరిగినా పశువు బెదిరి పాలు ఎగబట్టుతుంది. ఇలా రోజూ సగంలో వదిలేస్తే పాల దిగుబడి కూడా క్రమేణా తగ్గిపోతుంది. చేపడం కోసం సూది వేయించే వారున్నారు. అది నేరం, దాని జోలికి పోరాదు.

ఆ ఇంట్లో జరిగినదేమిటంటే, ఆ నెలలోనే బడి బస్సు వేళ అరగంట ముందుకు జరిగింది. పాల కేంద్రం వేళ మారలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పేడ ఎత్తి, వాకిలి చిమ్మి, పొయ్యి వెలిగించి, పిల్లలను లేపి, డబ్బాలు సర్ది, మధ్యలో గేదె దగ్గర కూర్చునేది. చంటిబిడ్డ ఏడుస్తుంటే చేతులు తొందరపడేవి. చేపీ చేపక ముందే లేచి క్యాను పట్టుకుని పరుగు. భర్త ఆ వేళకు టీ కొట్టు దగ్గర ఉంటాడు. ఇది ఆ ఒక్క ఇంటి ముచ్చట కాదని చదివేవారికి తెలుసు. పాలిచ్చే తల్లికి కూడా ఆందోళనలో పాలు సరిగా చేపవు. ఆ స్రావమే అక్కడా పనిచేస్తుంది.

ఇటువంటి తల్లికి ఓపిక పట్టమని చెప్పడం వృథా. ఆమెకు లేనిది ఓపిక కాదు, పొద్దుటి పూట ఒక అరగంట. దానిని కొంత ఇంట్లో, కొంత సంఘంలో సంపాదించాలి.

ఇంట్లో మొదటిది నీళ్ళ పని. పాడి గేదె రోజుకు 60 లీటర్లకు పైగా తాగుతుంది. బిందెలతో మోస్తే నాలుగైదు బిందెలు. పాకలో తొట్టి కట్టించి రాత్రే నింపి ఉంచితే తెల్లవారి మోత తప్పుతుంది. గడ్డి కూడా ముందురోజు సాయంత్రమే కోసి, నరికి పెట్టుకోవాలి. పేడ ఎత్తడం, దూడను విప్పి కట్టడం మగవారు చేయదగిన పనులే, దానికి వేరే శిక్షణ అక్కరలేదు. పితకడం మాత్రం అలవాటైన చేయి కావాలి. అందుకే ఇంట్లో రెండవ వ్యక్తి కూడా నిదానంగా, పది పదిహేను రోజులు ఆమె ప్రక్కన కూర్చుని గేదెకు మాలిమి కావాలి. ఆమెకు జ్వరం వచ్చిన నాడు నేర్చుకుందామంటే గేదె దగ్గరకు రానీయదు.

సంఘం వైపు నుంచి కేంద్రం వేళ సంగతి చూడాలి. పాలు చల్లబరిచే బల్క్ కూలరు ఉన్న చోట అరగంట పొడిగించడం పాలకవర్గం చేతిలోని పని. లేని చోట పాల వ్యాను రూటు అధికారితో మాట్లాడాలి. ఏ వేళ పెట్టినా దానిని రోజూ పాటించాలి, పశువు వేళకు అలవాటు పడుతుంది. చంటిబిడ్డల తల్లులను వరుసలో ముందుగా పంపితే ఎవరికీ నష్టం లేదు. వెన్న తగ్గినప్పుడు నలుగురిలో అనకుండా, ముందు ఘనపదార్థాల అంకె చూడాలి.

ఇక సభ్యత్వం. గేదె పని ఆమెది, పాసు పుస్తకం భర్తది. బిల్లు ఆయన ఖాతాకు పోతుంది. కేంద్రం వేళ గురించి సర్వసభ్య సమావేశంలో ఓటు వేసేది కూడా ఆయనే, ఆ వేళతో ఆయనకు పని లేదు. ముల్కనూరులో 2000 సంవత్సరంలో ప్రారంభమైన సహకార డెయిరీలో సభ్యులందరూ మహిళలే. మన సంఘాలలో అంత మార్పు ఒక్కసారి రాకపోయినా, పాలు పోసే స్త్రీ పేర సభ్యత్వం మార్చమని అడిగితే నిబంధనల ప్రకారం వీలు చూపించడం కార్యదర్శి విధి.

మరొక మాట. కళ్ళు తిరగడం, ఆయాసం ఉంటే అది అలసటేనని సరిపెట్టుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించుకోవాలి. నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తూ రెండు వారాలు దాటితే అక్కడి డాక్టరుకు చెప్పాలి. 2022లో మొదలైన టెలి మానస్ ఫోను 14416కు ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే.

ఆ సంఘంలో ఉదయం వేళ అరగంట పొడిగించారు. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కు తీసుకోవాలని తనిఖీ నివేదికలో వ్రాశాను. కార్యదర్శి తీసుకున్నాడు. వెన్న తిరిగి 7 శాతానికి రావడానికి మూడు వారాలు పట్టింది. సభ్యత్వం మాత్రం ఇంకా భర్త పేరనే ఉన్నది.